0.1875ను 18.75%గా చూపించాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

టేబుల్‌లో 0.1875 ఉంది. రిపోర్ట్ చదివేవాళ్లకు అది 18.75% అని కనిపించాలి. వందతో గుణించి పక్కన ఒక గుర్తు పెట్టడమే కదా అనిపిస్తుంది. ఒక్కసారి చూసి వదిలేసే లెక్కయితే నిజంగా అంతే. కానీ అదే కాలమ్‌ను నలుగురు ప్రోగ్రామర్లు, రెండు రిపోర్టులు, ఒక ఎక్సెల్ ఫైలు వాడుకోవడం మొదలయ్యాక అసలు ప్రశ్న బయటికొస్తుంది. ఇందులో 0.5 అని ఉంటే దాని అర్థం సగమా, అర శాతమా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియని టేబుళ్లతో నేను చాలా కాలం పనిచేశాను. చిక్కంతా ఒక్కచోటే మొదలవుతుంది. విలువను ఎలా దాచాలి అన్నది ఒక నిర్ణయం, ఎలా చూపించాలి అన్నది ఇంకో నిర్ణయం. ఈ రెండింటినీ కలిపేసి, చూపించే తీరు కోసం దాచే తీరును మార్చేస్తాం. అందుకే ఇక్కడ ముందు దాచడం గురించి, తర్వాత చూపించడం గురించి విడివిడిగా చెబుతాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ విలువతో తర్వాత లెక్క చేయగలమా అన్నది. శాతం ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఎవరో ఒకరు దాన్ని ఇంకో మొత్తంతో గుణిస్తారు, సగటు తీస్తారు, పోయిన నెలతో పోలుస్తారు.

రెండోది, వరుసలో పెట్టడం, వడకట్టడం సరిగ్గా జరుగుతాయా అన్నది. మూడోది, కొత్తగా వచ్చినవాళ్లు కాలమ్‌ను చూడగానే అర్థం చేసుకోగలరా అన్నది. నాలుగోది ఖచ్చితత్వం: ఎన్ని అంకెల వరకు కావాలి, గుండ్రం చేసినప్పుడు ఏం పోతుంది. చివరిది, ఆ డేటాను చదివే ఇతర సాఫ్ట్‌వేర్ ఏ రూపాన్ని ఆశిస్తుంది అన్నది. దీన్ని చాలామంది మర్చిపోతారు. నా అనుభవంలో ఎక్కువ తప్పులు వచ్చేది ఇక్కడే.

## మొదటి నిర్ణయం: టేబుల్‌లో ఏ రూపంలో దాచాలి

| పద్ధతి | 18.75% ఎలా ఉంటుంది | లాభం | ఇబ్బంది |
|---|---|---|---|
| భిన్నంగా | 0.1875 | నేరుగా గుణించవచ్చు, చాలా టూల్స్ దీన్నే ఆశిస్తాయి | టేబుల్‌ను నేరుగా చూసేవాళ్లకు కాస్త తడబాటు |
| శాతం సంఖ్యగా | 18.75 | కంటికి సులువు | ప్రతి లెక్కలోనూ వందతో భాగించాలి |
| పూర్ణాంకంగా, బేసిస్ పాయింట్లలో | 1875 | గుండ్రం చేయడంలో అనుమానమే ఉండదు | అలవాటు లేనివాళ్లకు వివరించాలి |
| టెక్స్ట్‌గా | "18.75%" | చూపించడానికి సిద్ధం | లెక్కకు, వరుసకు పనికిరాదు |
| లవం, హారం విడిగా | 3, 16 | సగటు, మొత్తం సరిగ్గా వస్తాయి | రెండు కాలమ్‌లు కావాలి |

టెక్స్ట్‌ను ముందు పక్కన పెట్టేద్దాం. టెక్స్ట్‌గా దాచిన 9%, 12%, 100%లను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టమంటే 100%, 12%, 9% అని వస్తాయి. అక్కడ పోల్చేది విలువలను కాదు, ఎడమ నుంచి ఒక్కో అక్షరాన్ని. ఇరవై శాతం దాటినవి చూపించమన్నా ఇదే గొడవ. టెక్స్ట్ కాలమ్‌లో ఒకరు 18.75% అని, ఇంకొకరు మధ్యలో ఖాళీ వదిలి 18.75 % అని, మరొకరు గుర్తే లేకుండా 18.75 అని రాస్తే డేటాబేస్ మూడింటినీ మౌనంగా తీసుకుంటుంది. దీన్ని ఎంచుకోవడానికి సరైన కారణం నాకు ఇంతవరకు ఒక్కటీ కనిపించలేదు.

అసలు పోటీ 0.1875కూ 18.75కూ మధ్యే.

18.75 వైపు ఉన్నవాళ్ల వాదనలో పస ఉంది. డేటా ఎక్కించేవాళ్లు కాగితం మీద 18.75 అని చూస్తారు, అదే టైప్ చేస్తారు. టేబుల్‌ను తెరిచి చూసినా అదే కనిపిస్తుంది. ఫోన్‌లో ఎవరైనా అడిగితే మనసులో లెక్క చేయకుండానే చెప్పేయవచ్చు. కానీ ఆ విలువ ఎక్కడికి వెళ్లినా వెంట ఒక "100తో భాగించు" ఉండి తీరాలి. ఏదో ఒక క్వెరీలో, అంటే డేటాబేస్‌ను డేటా అడిగే ఆదేశంలో, అది మర్చిపోతారు. అప్పుడు జవాబు వంద రెట్లు పెద్దదవుతుంది.

నేను భిన్నం వైపే మొగ్గుతాను. దానికి కారణం లెక్క సౌకర్యం ఒక్కటే కాదు. ఎక్సెల్‌లో శాతం ఫార్మాట్, యాక్సెస్‌లో పర్సెంట్ ఫార్మాట్, డాట్‌నెట్‌లో "పీ" ఫార్మాట్, పైథాన్‌లో శాతం ఫార్మాట్, జావాస్క్రిప్ట్‌లో పర్సెంట్ స్టైల్, పవర్ బీఐలో శాతం బటన్, ఇవన్నీ లోపల భిన్నం ఉందనే అనుకుని, తామే వందతో గుణించి చూపిస్తాయి. మీ కాలమ్‌లో 18.75 ఉంటే వీటిలో దేని దగ్గరికి వెళ్లినా 1875% అని వస్తుంది. ఇన్ని సాఫ్ట్‌వేర్‌లు ఒకే పద్ధతిలో నడుస్తున్నప్పుడు మన టేబుల్ ఒక్కటీ ఎదురు నడిస్తే ఆ భారమంతా మన మీదే పడుతుంది.

బేసిస్ పాయింట్ అంటే శాతంలో నూరో వంతు. వడ్డీ రేట్లతో పనిచేసేవాళ్లకు ఇది రోజూ వాడే మాట. రేటు ఎప్పుడూ రెండు దశాంశాలకు మించదని ఖాయంగా తెలిస్తే పూర్ణాంకంగా దాచడం శుభ్రమైన పద్ధతి. కానీ రేపు 18.755% వస్తే దారి మూసుకుపోతుంది.

ఇక లవం, హారం. వీటి గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే చాలా టేబుళ్లలో శాతాన్ని అసలు దాచనవసరమే లేదు. ఒక బృందంలో ఇద్దరికి ఒకరు పాసయ్యారు, అంటే 50%. ఇంకో బృందంలో వందకు 90 మంది పాసయ్యారు, అంటే 90%. రెండు శాతాలను మాత్రమే దాచుకుని సగటు తీస్తే 70% వస్తుంది. నిజానికి 102 మందిలో 91 మంది పాసయ్యారు కాబట్టి సరైన జవాబు సుమారు 89.2%. ఒకసారి శాతంగా మార్చి హారాన్ని పారేశాక ఈ నిజాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం లేదు. అందువల్ల లెక్కపెట్టగా వచ్చిన నిష్పత్తులకు, అంటే హాజరు, ఉత్తీర్ణత, లోపాల రేటు లాంటివాటికి, రెండు అంకెలనూ దాచి శాతాన్ని అడిగినప్పుడు లెక్కించండి. ఎవరో నిర్ణయించిన రేట్లకు, అంటే డిస్కౌంట్, వడ్డీ, పన్ను లాంటివాటికి, హారం అంటూ ఏమీ ఉండదు. వాటికి భిన్నం సరిపోతుంది.

## డేటా టైప్ దగ్గర పొరపాటు పడే చోట్లు

భిన్నంగా దాచాలని నిర్ణయించుకున్నాక డెసిమల్ టైప్ (చెప్పినన్ని దశాంశాలను ఉన్నదున్నట్టు దాచేది) వాడండి, ఫ్లోట్ (దగ్గరి విలువను మాత్రమే దాచేది) వద్దు. ఫ్లోట్‌లో 0.29ను వందతో గుణిస్తే 28.999999999999996 వస్తుంది. గుండ్రం చేస్తే 29 అవుతుంది కానీ, దశాంశాన్ని తెగ్గొట్టి పూర్ణాంకంగా మార్చే కోడ్ ఎక్కడైనా ఉంటే 28% అని చూపిస్తుంది. 0.07ను గుణిస్తే 7.000000000000001.

శాతంలో రెండు దశాంశాలు కావాలంటే భిన్నంలో నాలుగు ఉండాలి. తెలిసిన విషయమే అనిపిస్తుంది, అయినా టేబుల్ రాసేటప్పుడు చెయ్యి అలవాటుగా రెండు స్థానాల దగ్గరే ఆగిపోతుంది. రెండు స్థానాల కాలమ్‌లో 0.1875 పడితే 0.19 అవుతుంది, రిపోర్ట్‌లో 19.00% కనిపిస్తుంది. ఆ రెండు సున్నాలు చూసి అది ఖచ్చితమైన విలువేనని అందరూ నమ్ముతారు. మొత్తం అయిదు అంకెలు, అందులో దశాంశం తర్వాత నాలుగు ఉండే డెసిమల్ తీసుకుంటే 999.99% వరకు చోటు ఉంటుంది.

ఇంకో మాట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అంకెల సంఖ్య చెప్పకుండా ఒట్టి డెసిమల్ అని రాస్తే దశాంశం తర్వాత స్థానాలు సున్నా. మైఎస్‌క్యూఎల్‌లోనూ అంతే. 0.25 ఇస్తే 0 దాక్కుంటుంది. యాక్సెస్‌లో నంబర్ ఫీల్డ్ సైజు మామూలుగా లాంగ్ ఇంటిజర్‌గా ఉంటుంది, అక్కడ కూడా 0.25 కాస్తా 0.00% అవుతుంది. "ఫార్మాట్ పర్సెంట్ పెట్టాను, అన్నీ సున్నాలే వస్తున్నాయి" అని తల పట్టుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఫీల్డ్ సైజునే. దాన్ని డబుల్‌కో డెసిమల్‌కో మార్చాలి. మార్చినంత మాత్రాన పాత విలువలు తిరిగి రావు, మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

ఎప్పుడూ వంద శాతం దాటని విలువైతే 0కీ 1కీ మధ్యే ఉండాలని చెక్ నిబంధన పెట్టండి. ఎవరైనా 18.75 ఎక్కించబోతే డేటాబేసే ఆపుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ నిబంధన నిజంగా అమలయ్యేది 8.0.16 నుంచే. అంతకు ముందు వెర్షన్లు దాన్ని చదివి పట్టించుకోకుండా వదిలేసేవి. పెరుగుదల శాతం లాంటివి వంద దాటవచ్చు, సున్నా కిందికీ పోవచ్చు కాబట్టి వాటికి ఈ హద్దు పనికిరాదు.

## రెండో నిర్ణయం: గుర్తు ఎక్కడ తగిలించాలి

మూడు చోట్లు ఉన్నాయి: క్వెరీ, వ్యూ (పేరు పెట్టి డేటాబేస్‌లో దాచుకున్న క్వెరీ), డేటాబేస్ బయట ఉన్న స్క్రీన్ లేదా రిపోర్ట్ టూల్.

### క్వెరీలోనే మార్చడం

ఇక్కడ ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో దారి. పట్టికలో నల్ అంటే విలువే లేదని డేటాబేస్ పెట్టే గుర్తు. కాన్‌కాట్ టెక్స్ట్ ముక్కలను అతికిస్తుంది; టు_చార్, ప్రింట్‌ఎఫ్ సంఖ్యను మనమిచ్చిన నమూనాలో టెక్స్ట్‌గా మారుస్తాయి.

| డేటాబేస్ | మార్చే దారి | పూర్ణాంకాలుగా 3/8 | విలువ లేని చోట ఏం వస్తుంది |
|---|---|---|---|
| ఎస్‌క్యూఎల్ సర్వర్ | ఫార్మాట్ ఫంక్షన్, లేదా కాన్‌కాట్ | 0 | ఫార్మాట్‌లో నల్, కాన్‌కాట్‌లో ఒట్టి % |
| పోస్ట్‌గ్రెస్ | టు_చార్, లేదా కాన్‌కాట్ | 0 | టు_చార్‌లో నల్, కాన్‌కాట్‌లో ఒట్టి % |
| మైఎస్‌క్యూఎల్ | రౌండ్, ఆపైన కాన్‌కాట్ | 0.3750 | నల్ |
| ఒరాకిల్ | టు_చార్, ఆపైన గుర్తు అతికించడం | 0.375 | ఒట్టి % |
| ఎస్‌క్యూలైట్ | ప్రింట్‌ఎఫ్ | 0 | 0.00% |
| యాక్సెస్ | ఫీల్డ్ ఫార్మాట్‌లో పర్సెంట్ | 0.375 | ఖాళీ |

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫార్మాట్ ఫంక్షన్ 2012 వెర్షన్‌లో వచ్చింది. "పీ2" అని ఇస్తే తనే వందతో గుణించి, రెండు దశాంశాలతో, గుర్తుతో సహా ఇస్తుంది. రాయడానికి ఇంతకన్నా హాయి లేదు. అయితే ఇది లోపల డాట్‌నెట్ మీద నడుస్తుంది కాబట్టి లక్షల వరుసల మీద వాడితే నెమ్మదిస్తుంది. కనెక్షన్‌కు పెట్టిన భాషను బట్టి అంకెకూ గుర్తుకూ మధ్య ఖాళీ కూడా రావచ్చు. ఖాళీ వద్దనుకుంటే "0.00%" అనే నమూనా ఇవ్వండి, అది కూడా వందతో గుణిస్తుంది. వేగం కావాలంటే వందతో గుణించి, రెండు స్థానాల డెసిమల్‌గా మార్చి, గుర్తు అతికించుకోండి. అక్కడ రౌండ్ ఒక్కటీ చాలదు. రౌండ్ విలువను గుండ్రం చేస్తుంది గానీ వెనక ఉన్న సున్నాలను తీయదు, 18.7500 అనే మిగులుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లోనూ ఫార్మాట్ అనే ఫంక్షన్ ఉంది. పేరు ఒకటే, పని వేరు. అది వేల దగ్గర కామాలు పెడుతుంది, శాతం సంగతి దానికి తెలియదు.

పోస్ట్‌గ్రెస్‌లో టు_చార్ వందతో గుణించదు, మనమే గుణించి ఇవ్వాలి. నమూనా ముందు ఎఫ్ఎమ్ అని చేర్చకపోతే ఎడమ పక్కన ఖాళీలు వస్తాయి. నమూనాలో స్థానాలు చాలకపోతే అంకెల బదులు వరుసగా # గుర్తులు కనిపిస్తాయి, ఒరాకిల్‌లోనూ అదే తీరు. పోస్ట్‌గ్రెస్‌లో ఫ్లోట్ విలువను రెండు స్థానాలకు రౌండ్ చేయబోతే అలాంటి ఫంక్షనే లేదంటుంది, ముందుగా న్యూమరిక్‌కు (అక్కడ డెసిమల్‌కు ఇంకో పేరు) మార్చాలి.

పట్టికలో చివరి కాలమ్‌ను మరోసారి చూడండి, ముఖ్యంగా ఎస్‌క్యూలైట్ పక్కన ఉన్నది. విలువే లేని చోట ప్రింట్‌ఎఫ్ 0.00% అని రాస్తుంది. ఇంకా కొలవలేదు అన్నదానికీ, కొలిస్తే సున్నా వచ్చింది అన్నదానికీ చాలా తేడా ఉంది. చదివేవాళ్లకు ఆ తేడా ఎప్పటికీ తెలియదు. అందుకే అక్కడ విలువ ఉందో లేదో కేస్‌తో (క్వెరీలో షరతు రాసే పద్ధతితో) ముందే విడదీయాలి.

పూర్ణాంకాల భాగహారం కూడా ఇలాగే మోసం చేస్తుంది. మూడు డేటాబేస్‌లలో 3/8 అంటే 0. వందతో చివర్లో గుణించినా సున్నానే. 100.0ను మొదటే పెట్టి, ఆ తర్వాత భాగించండి. హారం సున్నా అయ్యే అవకాశం ఉంటే, సున్నాను నల్‌గా మార్చే నల్ఇఫ్‌తో దాన్ని చుట్టండి. లేకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో ఒక్క వరుస వల్ల రిపోర్ట్ మొత్తం ఆగిపోతుంది.

క్వెరీ పద్ధతి అసలు లోపం మాత్రం వీటిలో ఏదీ కాదు. బయటికి వచ్చేది టెక్స్ట్. ఒకసారి నేను ఇలా మార్చిన కాలమ్‌తోనే, పెద్దది పైన వచ్చేలా ఆర్డర్ బై (వరుసలో పెట్టే ఆదేశం) రాశాను. మొదటి వారం అన్నీ రెండంకెల శాతాలే కాబట్టి వరుస బాగానే వచ్చింది. రెండో వారం ఒక 9.50% వచ్చి అన్నిటికన్నా పైన కూర్చుంది. కారణం పట్టుకునేసరికి సగం రోజు పోయింది. టెక్స్ట్ కాలమ్‌కు వేరే పేరు పెట్టి, వరుస మాత్రం అసలు సంఖ్య మీదే పెడితే ఈ టెన్షన్ ఉండదు.

### వ్యూ ద్వారా ఇవ్వడం

ఒకే మార్పు పది క్వెరీల్లో రాయాల్సి వస్తోందంటే వ్యూ పెట్టండి. అందులో రెండు కాలమ్‌లూ ఇవ్వండి: లెక్కకు అసలు భిన్నం, చూడటానికి టెక్స్ట్. పేర్లలోనే తేడా తెలియాలి. "రేటు", "రేటు చూపు" అన్నట్టుగా ఏదో ఒక పద్ధతి పాటిస్తే చాలు.

### బయట మార్చడం

నా మొదటి ఎంపిక ఇదే. డేటాబేస్ సంఖ్యను సంఖ్యగానే పంపుతుంది, చివరి మెట్టు మీద గుర్తు చేరుతుంది. ఇందులో ఉన్న పెద్ద సౌకర్యం భాషలది. జర్మన్‌లో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు, గుర్తుకు ముందు ఖాళీ వదులుతారు. టర్కిష్‌లో గుర్తు అంకెకు ముందే వస్తుంది. ఇవన్నీ క్వెరీలో సర్దడం కష్టం, జావాస్క్రిప్ట్ నంబర్ ఫార్మాట్‌కు భాష పేరు చెబితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: అది మామూలుగా దశాంశాలు చూపించదు, 0.1875 ఇస్తే 19% అంటుంది. ఎన్ని స్థానాలు కావాలో మనమే చెప్పాలి.

పవర్ బీఐలో కూడా కాలమ్‌కు శాతం ఫార్మాట్ పెట్టండి, ఫార్మాట్ ఫంక్షన్‌తో టెక్స్ట్‌గా మార్చకండి. మారిస్తే చార్ట్ గీయడానికి ఆ విలువ పనికిరాదు.

## మీ పనిని బట్టి

యాక్సెస్ వాడే చిన్న ఆఫీసు అయితే, ఫీల్డ్ సైజు సరిచేసి ఫార్మాట్‌లో పర్సెంట్ ఎంచుకోండి. మీకు ఇంకేమీ అక్కర్లేదు. లోపల 0.1875 ఉంటుంది, పైకి 18.75% కనిపిస్తుంది, లెక్కలు సరిగ్గా నడుస్తాయి. ఎక్కించేటప్పుడు % గుర్తుతో సహా టైప్ చేయమని అందరికీ చెప్పండి.

వెబ్ అప్లికేషన్ రాసేవాళ్లయితే, భిన్నాన్ని డెసిమల్‌లో దాచి ఫ్రంట్ ఎండ్‌లో మార్చండి. ఫారంలో మాత్రం వాడేవాళ్లు 18.75 అనే కొడతారు. దాన్ని 0.1875గా మార్చే కోడ్ ఒకే ఒక్క చోట ఉండాలి. రెండు చోట్ల ఉంటే ఎప్పుడో ఒకసారి రెండుసార్లు భాగహారం జరుగుతుంది.

రోజూ క్వెరీ ఫలితాన్ని మెయిల్‌లో పంపేవాళ్లయితే, మధ్యలో వేరే స్క్రీన్ లేదు కాబట్టి క్వెరీలో మార్చడమే మీకు సరైనది. కానీ అందుకునేవాళ్లు దాన్ని ఎక్సెల్‌లోకి తీసుకుని లెక్కలు వేస్తారేమో కనుక్కోండి. వేస్తారంటే భిన్నమే పంపి, ఎక్సెల్ కాలమ్‌కు శాతం ఫార్మాట్ పెట్టి ఇవ్వండి.

మొత్తం వంద రావాల్సిన రిపోర్టులు చేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. మూడు సమాన వాటాలను 33.33%గా చూపిస్తే కూడిక 99.99% అవుతుంది. మొత్తాన్ని గుండ్రం చేయని విలువల నుంచే లెక్కించి 100% అని రాయండి, కింద "గుండ్రం చేసినందువల్ల వాటాల కూడికలో స్వల్ప తేడా ఉండవచ్చు" అని ఒక వాక్యం చేర్చండి. చివరి వాటాను 33.34% చేసి సర్దేయడం నాకు నచ్చదు. సమానమైన మూడింటిలో ఒకటి ఎక్కువగా కనిపించడం అబద్ధమే.

మార్పును చూపించేవాళ్లు మాట విషయంలో జాగ్రత్తపడాలి. రేటు 4% నుంచి 5%కి వెళ్తే అది ఒక పర్సెంటేజ్ పాయింట్ పెరుగుదల, లేదా 25% పెరుగుదల. కాలమ్ తలమీద ఏది అన్నది రాయకపోతే ఇద్దరు చదివి రెండు అర్థాలు తీసుకుంటారు.

## ఇప్పటికే కలగాపులగం అయిపోయి ఉంటే

కొన్ని వరుసల్లో 0.25, కొన్నిట్లో 25 ఉన్న కాలమ్ మీ చేతికి వస్తే, 1 దాటినవన్నీ వందతో భాగించేద్దామని అనిపిస్తుంది. ఆగండి. అదే కాలమ్‌లో 0.5 అని ఉన్నది అర శాతం కావచ్చు, దాన్ని ఈ పద్ధతి పట్టుకోలేదు. 1 అన్నది ఒక శాతమా, వంద శాతమా అన్నదీ తేలదు. విలువను చూసి కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూసి మార్చాలి. ఏ ఫారం ద్వారా, ఏ ఫైలు ద్వారా, ఏ తేదీ తర్వాత వచ్చిందో వరుసలను విడదీయండి. ఒక్కో గుంపులో ఒక్కటే అలవాటు ఉంటుంది.

పాత కాలమ్‌ను అలాగే ఉంచి, పక్కన నాలుగు దశాంశాల డెసిమల్‌తో కొత్తది చేర్చండి. గుంపుల వారీగా నింపండి, తేలని వరుసలను నల్‌గా వదిలి ఆ పని తెలిసినవాళ్లను అడగండి. అన్నీ నిండాక చెక్ నిబంధన పెట్టి, రిపోర్టులను ఒక్కొక్కటిగా కొత్త కాలమ్‌కు మళ్లించండి. పాతదాన్ని చదివే క్వెరీ ఒక్కటి కూడా లేదని తేలిన తర్వాతే దాన్ని తీసేయండి.